అత్తయ్య కోసం ఆరు డాలర్ల పటం

ఆగస్టు 3, ఆదివారం

అక్టోబర్ రెండో వారంలో అత్తయ్య సింగపూర్ వస్తున్నారు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. మూడేళ్ల కిందట వచ్చినప్పుడు నెల రోజులూ ఇంట్లోనే ఉంచేశాం. మేమిద్దరం ఆఫీసులకు, ఆవిడ టీవీకి. తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఒక్క మాటన్నారు: "మీ బిల్డింగులో లిఫ్టు బాగుంది అమ్మాయ్." ఆ నెలలో ఆవిడ ఒంటరిగా ఎక్కి దిగింది ఆ లిఫ్టే మరి. మా ఆయనకు ఆ మాట గుచ్చుకోలేదు, నాకు గుచ్చుకుంది.

అందుకే ఈ ప్రాజెక్టు. ఈసారి మేం ఆఫీసుకు వెళ్లాక అత్తయ్య తలుపు తాళం వేసుకుని, ఎవరి తోడూ లేకుండా, బయట మధ్యాహ్నం కడుపునిండా తిని ఇంటికి రావాలి. దానికి కావలసిన పటం, చెప్పాల్సిన మాటలు నేను తయారుచేయాలి. పది వారాల టైముంది. ఖర్చు పానీయంతో కలిపి 6 సింగపూర్ డాలర్లు దాటకూడదు. మన డబ్బుల్లో నాలుగొందలు పైమాటే, ఆ లెక్క ఆవిడ ముందు చెప్పకూడదు. మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దు. ఉల్లి వెల్లుల్లి ఫర్వాలేదు గానీ, దీపావళి అయ్యాక కార్తీకం వస్తుంది, అప్పుడు అవీ వద్దు.

నాకు మాత్రం ఈ నియమాల్లేవు. మాది గోదావరి వైపు, పులస తినకపోతే ఆ ఏడు వృథా అనుకునే ఇల్లు. అందుకని నోట్‌బుక్‌లో ప్రతి చోటుకూ రెండు గళ్లు గీశాను: 'నాకు', 'అత్తయ్యకు'.

వెతకడమంతా హాకర్ సెంటర్లలోనే. చూడని వాళ్ల కోసం చెప్తున్నా: పైకప్పున్న పెద్ద హాలు, వరసగా గదంత గదంత స్టాళ్లు, మధ్యలో నేలకు బిగించిన బల్లలు, నెత్తిన ఫ్యాన్లు. ఏసీ ఉండదు. ఒక్కో స్టాల్ ఒకటో రెండో వంటకాలు మాత్రమే చేస్తుంది. ఒకప్పుడు వీళ్లంతా రోడ్డు పక్కన బండ్లు పెట్టుకున్నవాళ్లే. 1968, 69 ల్లో ప్రభుత్వం అందరి పేర్లూ రాసుకుని, తర్వాత 1986 దాకా విడతలవారీగా కుళాయి, మురుగుకాలవ ఉన్న ఈ హాళ్లలోకి తెచ్చింది. ఇప్పుడు ఇలాంటివి 110కి పైగా ఉన్నాయి. 2020లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కాయి. మా టోవా పాయోలోనే నడిచి వెళ్లేంత దూరంలో నాలుగైదున్నాయి. ఐదేళ్లుగా ఇక్కడుంటున్నా, వాటిలో ఒక్కదానికి మాత్రమే వెళ్లాను, అదీ చెరుకురసానికి.

ఆగస్టు 10, ఆదివారం: టెక్కా సెంటర్

తేలికైనదాంతో మొదలుపెట్టాను. టోవా పాయోలో ఎర్ర లైను ఎక్కి న్యూటన్‌లో నీలం లైనుకి మారితే తర్వాతి స్టేషనే లిటిల్ ఇండియా. టెక్కా ఆ స్టేషన్ పక్కనే. ఆ పేరు హొక్కియన్ మాట (ఇక్కడి చైనీయులు మాట్లాడే భాషల్లో ఒకటి), వెదురు మొదళ్లు అని అర్థం. 1982లో కట్టినప్పుడు ఇదే అర్థం వచ్చే మాండరిన్ పేరు పెట్టారు. జనం నోటికి అది పట్టలేదు, 2000లో మళ్లీ టెక్కా అనే మార్చారు.

ఆదివారం అక్కడ కాలు పెట్టే సందుండదు. సెలవు రోజు కాబట్టి కన్‌స్ట్రక్షన్ సైట్లలో, షిప్‌యార్డుల్లో పనిచేసే వాళ్లంతా వస్తారు. తమిళం, బెంగాలీ, వెనక బల్ల దగ్గర శ్రీకాకుళం యాస. బల్లల మీద అక్కడక్కడా చిన్న టిష్యూ ప్యాకెట్లు పడి ఉన్నాయి. ఎవరో మర్చిపోయారనుకునేరు! దాన్ని ఇక్కడ 'చోప్' చెయ్యడం అంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపుకోవడమే ఇదీ. తువ్వాలు చిన్నదైంది, అంతే. ఇది అత్తయ్యకు నేర్పక్కర్లేదు.

ఇక్కడ ఇడ్లీ, దోశ దొరుకుతాయి. దోశని 'తోసై' అని రాస్తారు. శాకాహారం ఇబ్బంది లేదు. కానీ తెనాలి నుంచి ఇంత దూరం వచ్చి మళ్లీ దోశేనా అని ఆవిడ అనకపోతే నేనే అంటాను. కాబట్టి ప్రతా స్టాల్ దగ్గర నిలబడ్డాను.

రోటీ ప్రతా అంటే మన పరోటాకి దగ్గర చుట్టం. నిమ్మకాయంత ముద్దని నూనె రాసిన స్టీలు బల్ల మీద అరచేత్తో అదుముతాడు. అంచు పట్టి పైకి విసిరితే అది గాల్లో తిరుగుతూ పలచబడి, బల్ల మీద పడేసరికి అవతల వైపు చెయ్యి కనిపించేంత పొరవుతుంది. నాలుగు మడతలు పెట్టి పెనం మీద వేస్తాడు. కాలాక రెండు చేతులతో రెండు పక్కల నుంచీ చప్పట్లు కొట్టినట్టు కొడతాడు, పొరలు విడిపోతాయి. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు ప్రతాలు 3 డాలర్లు, టీ 1.60. 'నాకు' గల్లో ఫుల్ మార్కులు. అత్తయ్య గల్లో చిక్కొచ్చింది. పక్కన పోసే పప్పుని 'దాల్చా' అంటారు. చూస్తే అచ్చం మన సాంబారే. నా అరకొర తమిళంలో అడిగితే అంకుల్ నవ్వి, గరిటె అడుగు నుంచి తిప్పి పైకి తీశాడు. మటన్ ఎముక. పిండిలో గుడ్డుందా అంటే, "నాది లేదు, పక్కవాడిది తెలీదు" అన్నాడు. మరి కూర లేకుండా ఎలా? ఇక్కడ చాలామంది పంచదార అద్దుకుని తింటారట. చిన్న గిన్నెలో ఇచ్చాడు, తిన్నాను. పూరీ పంచదారతో పెరిగినవాళ్లకి ఇంకేం చెప్పాలి!

టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ పదకొండేళ్లయింది. పైకి పచ్చగా కనిపించేదాన్ని నమ్మకూడదని అక్కడ నేర్చుకున్నదే, ఇక్కడ గరిటె అడుగున మళ్లీ కనిపించింది.

ఆగస్టు 17, ఆదివారం: మ్యాక్స్‌వెల్

ఇది నా కోసం వెళ్లింది, ఒప్పుకుంటున్నాను. సింగపూర్‌లో ఉంటూ మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్లో చికెన్ రైస్ తినలేదంటే ఆఫీసులో అందరూ జాలిగా చూస్తున్నారు. టియన్ టియన్ స్టాల్ ముందు వరస హాలు దాటి బయటికొచ్చింది. వరసలో ఉన్న సగంమంది చేతుల్లో సూట్‌కేసులు. నేను పక్క వరసలో పేరు గుర్తులేని స్టాల్‌కి వెళ్లాను.

పళ్లెంలో చూడ్డానికి ఏమీ ఉండదు. తెల్లగా ఉడికిన కోడి ముక్కలు, పసుపు ఛాయ అన్నం, రెండు కీర ముక్కలు. మనవాళ్లయితే "పేషెంటు భోజనమా" అంటారు. కోడిని మరిగీ మరగని నీళ్లలో నెమ్మదిగా ఉడికించి, తీయగానే ఐసు నీళ్లలో ముంచుతారు, అందుకే చర్మం కింద పలచటి జెల్లీ పొర ఏర్పడుతుంది. కానీ అసలు సంగతి అన్నంలో ఉంది. బియ్యాన్ని కోడి కొవ్వులో అల్లం వెల్లుల్లితో వేయించి, కోడి ఉడికిన నీళ్లలోనే వండుతారు, సువాసనకి పాండన్ అనే ఆకు వేస్తారు. ఒట్టి అన్నం నాలుగు ముద్దలు తిన్నాక గానీ కోడి జోలికి పోలేదు. పుల్లటి మిరప చట్నీ మన పండుమిరప పచ్చడికి వరసకు చెల్లెలు.

మన ఇళ్లలో "ఏమీ లేకపోతే తెల్లన్నం తెచ్చుకుని పెరుగేసుకుందాం" అనే ధైర్యం ఒకటుంటుంది. ఇక్కడ ఆ ధైర్యం పనిచెయ్యదు. అత్తయ్య ఈ స్టాల్‌కి వచ్చి "రైస్ ఓన్లీ" అంటే కోడి కొవ్వే పళ్లెంలోకొస్తుంది. ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

చికెన్ రైస్ 5, బార్లీ నీళ్లు 1.50. యాభై సెంట్లు బడ్జెట్ దాటింది. నా గల్లో కాబట్టి వదిలేశాను.

ఆగస్టు 25, సోమవారం

సెలవు పెట్టి మరీ ఒక సెంటర్‌కి వెళ్లాను. గేటుకు అడ్డంగా ప్లాస్టిక్ గొలుసు, లోపల నేల కడుగుతున్న చప్పుడు. ప్రతి సెంటర్‌నీ ఏడాదిలో కొన్నిసార్లు ఇలా మూసి పూర్తిగా కడుగుతారు, తేదీలు ముందే ఇస్తారు. నేను చూసుకోలేదు. దానికితోడు సోమవారం చాలా స్టాళ్లకు సెలవు. బిస్కెట్లు తిని ఇంటికొచ్చాను. పటంలో కొత్త నియమం: సోమవారం ఇంట్లో పప్పు, చారు.

ఆగస్టు 31, ఆదివారం: హెయిగ్ రోడ్

మొన్న బుధవారం వినాయక చవితికి జిల్లేడుకాయలు చేద్దామని కూర్చుని, పిండి పగిలి, చివరికి ఉండ్రాళ్లతో సరిపెట్టాను. ఆ బెంగ ఇవాళ తీరింది.

గెయ్‌లాంగ్ సెరాయ్ దగ్గర హెయిగ్ రోడ్ ఫుడ్ సెంటర్లో 'పుటు పిరింగ్' అనే మలయ్ తినుబండారం అమ్ముతారు. తడి బియ్యప్పిండిని చిన్న సాసర్‌లాంటి అచ్చులో సగం పోసి, మధ్యలో గులా మెలాకా పెట్టి, పైన మళ్లీ పిండి కప్పి, గుడ్డ చుట్టి ఆవిరి మీద బోర్లిస్తారు. గులా మెలాకా అంటే కొబ్బరిచెట్టు నీరా కాచి చేసే బెల్లం. మన తాటిబెల్లంలా కాస్త పొగవాసన, నల్లటి రంగు. రెండు మూడు నిమిషాలకు మూత తీసి పాండన్ ఆకు ముక్క మీద బోర్లించి, పక్కన ఉప్పు కలిపిన కొబ్బరి తురుము పెట్టి ఇస్తారు. కొరికితే లోపల బెల్లం పాకమై కారుతుంది. నాలుక కాలింది. కాలినా ఆగలేదు.

అడిగాను: పిండి, బెల్లం, కొబ్బరి, ఉప్పు. అంతే. పటంలో అత్తయ్య గల్లో మొదటిసారి పెద్ద టిక్కు పెట్టాను. ఇది భోజనం కాదు కదా అని మా ఆయన సందేహం. ఆవిడ దగ్గర ఈ సందేహం వెలిబుచ్చొద్దని చెప్పాను.

సెప్టెంబర్ 3, బుధవారం: తప్పుల చిట్టా

రెండు వారాలుగా ఆఫీసు నుంచి వస్తూ టోవా పాయోలో రోజుకొక వంటకం అడిగి చూస్తున్నాను. మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమేననే నా నమ్మకం పూర్తిగా పోయింది.

'క్యారెట్ కేక్' అనే దాంట్లో క్యారెట్ ఉండదు, కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు చేసి పెనం మీద వేయిస్తారు. వినడానికి ఎంత బాగుంది! మామూలు స్టాళ్లలో గుడ్డు, చేప సాస్ లేకుండా మాత్రం వేయించరు. 'చ్వీ క్వే' చూడగానే మినీ ఇడ్లీ అనిపిస్తుంది, గుంట పడిన తెల్లటి బియ్యప్పిండి బిళ్లలు. పైన వేసే ఉప్పు ముల్లంగిని పాత పద్ధతిలో పంది కొవ్వులో వేయిస్తారు. కొన్నిచోట్ల మామూలు నూనే వాడుతున్నారు, కానీ ఏ చోటో ప్రతిసారీ అడగాలి. లక్సా కొబ్బరిపాల పులుసు చూసి ఎవరైనా మోసపోతారు, దాని మసాలా ముద్దలోనే ఎండురొయ్యలు, రొయ్యల పేస్టు ఉంటాయి. పండ్ల ముక్కల 'రోజాక్'లో నల్లగా తియ్యగా ఉండే సాస్ కూడా రొయ్యలదే. పండ్ల ముక్కల్లో! కూరగాయల వేపుళ్లలో ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్. నూడుల్స్ సూప్ అయితే ఎండబెట్టిన నెత్తళ్లతో కాచిన నీళ్లు.

సోమవారం ఒక చోట బాగా దెబ్బ తిన్నాను. "నో మీట్, నో ఫిష్" అన్నాను. "కెన్, కెన్" అన్నాడాయన, అంటే అలాగే అని. గిన్నెలో ఆకుకూర, టోఫు (సోయా పనీర్), నూడుల్స్. ఫొటో తీసి, అత్తయ్య గల్లో టిక్కు పెట్టి, సగం తిన్నాక అడుగున వేయించిన నెత్తళ్లు తేలాయి. చూపిస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన లెక్కలో చేపంటే పళ్లెంలో పడుకునేది. నెత్తళ్లు రుచికి వేసేవి, మనం ఇంగువ వేసినట్టు. ఆయన మోసం చెయ్యలేదు, నేనే ప్రశ్న తప్పు అడిగాను.

నేను ఉడుకుతూ ఇంటికొచ్చాను గానీ పని ముందుకే జరిగింది. ఏది వద్దో చెప్పుకుంటూ పోతే జాబితాకు అంతుండదు. నేనేం తింటానో ఒక్క మాటలో చెప్పాలి. ఆ మాట వాళ్ల భాషలో ఉండి తీరాలి.

సెప్టెంబర్ 6, శనివారం: స్వస్తిక్ బోర్డు

ఆ మాట దొరికింది, మనిషి కూడా దొరికింది.

ఇంటికి ఎనిమిది నిమిషాల నడకలో ఉన్న సెంటర్లో మూలన పసుపు బోర్డు. దాని మీద ఒక చైనీస్ అక్షరం: పైన మూడు అడ్డగీతలు, వాటిని చీల్చుతూ ఒక నిలువు, కింద దారపు చిలప లాంటి గుర్తు. దాని పక్కనే స్వస్తిక్, మనదానికి తిరగేసిన వైపు. ఆ అక్షరం 'సు', అంటే శాకాహారం. స్వస్తిక్ బౌద్ధులది. నా బుర్రకు తట్టనిది ఏంటంటే, అత్తయ్యకు చైనీస్ అక్షరం గుర్తుండకపోయినా స్వస్తిక్ వంద గజాల నుంచి కనిపిస్తుంది.

ఇవాళ ఆ స్టాల్ ముందు మామూలుకి మూడింతల వరస. చైనా పంచాంగంలో ఏడో నెల పదిహేనో రోజట. పాడ్యమి, పదిహేనో తిథి రోజుల్లో చాలామంది చైనీయులు మాంసం ముట్టరు. క్యాలెండర్ తీసి చూశాను, మన భాద్రపద పౌర్ణమి రేపే. ఏడో నెలంతా చనిపోయినవాళ్ల ఆత్మలు ఇళ్లకు వస్తాయని వీళ్ల నమ్మకం. బ్లాకుల కింద కాగితాలు కాల్చి పళ్లూ అన్నం పెడుతున్నారు. మనకూ ఎల్లుండి నుంచి మహాలయ పక్షం. ఈ పోలిక ఎవరికి చెప్పినా ఉత్సాహపడట్లేదు, అత్తయ్య పడతారు.

నా వంతు వచ్చాక, నేర్చుకెళ్లిన మాండరిన్ మాట అన్నాను: "వో చ్ సు." నేను శాకాహారం తింటాను అని. స్టాల్ యాంటీకి అరవై దాటి ఉంటాయి. నా వైపు కాసేపు చూసి, శాకాహారం స్టాల్‌కి వచ్చి నేను శాకాహారినంటే నేనేం చెయ్యను అన్నట్టు నవ్వింది. తర్వాత, 'సు' పైనుంచి కిందికి దిగాలి, నువ్వు సాగదీస్తున్నావు అని చేత్తో మెట్టు దిగినట్టు చూపించి నాలుగుసార్లు అనిపించింది. నా తర్వాత ఉన్న పెద్దాయన కల్పించుకుని, ముసలివాళ్ల దగ్గర హొక్కియన్‌లో "జియా చాయ్" అను, ఇంకా బాగా అర్థమవుతుంది అన్నాడు. కూర తింటాను అని దాని అర్థం. శాకాహారిని 'కూర తినేవాడు' అనే భాష మీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

పళ్లెం: వేయించిన సన్న బియ్యపు సేమ్యా, దాన్ని 'బీ హూన్' అంటారు. అద్దాల వెనక ట్రేల్లో కూరలు. వేలు పెట్టి చూపిస్తే చాలు. రెండు కూరలతో 3 డాలర్లు, మూడింటితో 3.50. క్యాబేజీ కూర, కరకరలాడే టోఫు పొర, వేరుశెనగల పులుసు తీసుకున్నాను. క్యాబేజీ మెత్తగా ఉడికి కాస్త తియ్యగా, మిరియం ఘాటుతో ఉంది. బౌద్ధ పద్ధతి స్టాల్ కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. కార్తీకం సమస్య దానంతటదే తీరిపోయింది.

ఒక్కటే భయం. ట్రేల్లో సగం మాంసం వేషాలే. గోధుమ బంకతో చేసిన ఎర్రటి 'పంది మాంసం', చర్మం గీతలతో సహా 'బాతు'. అత్తయ్య అవి చూసి వెనక్కి తిరిగితే? వాటికి ఫొటో తీసి కింద తెలుగులో 'ఇది గోధుమపిండి' అని రాశాను.

సెప్టెంబర్ 14, ఆదివారం: కోపి పాఠం

అత్తయ్యకు తిండి లేకపోయినా జరుగుతుంది, కాఫీ లేకపోతే జరగదు. ఇక్కడ కాఫీని కోపి అంటారు. గింజల్ని పంచదార, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. పొడవాటి గుడ్డ సంచీలో పొడి వేసి వేడినీళ్లు పోసి, ఆ డికాషన్‌ని ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి ఎత్తి పోస్తారు. డికాషన్ అనే మాట వాడగానే మీకు సగం అర్థమైపోయి ఉంటుంది.

చిక్కు పాలతో వస్తుంది. ఊరికే 'కోపి' అంటే తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ పోసిస్తారు, పాయసం తాగినట్టుంటుంది. 'కోపి ఓ' అంటే పాలు లేకుండా, పంచదారతో. 'కోపి సి' అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, పంచదార విడిగా వేస్తారు. తీపి తగ్గించాలంటే చివర 'సియూ దాయ్', అసలు వద్దంటే 'కోసోంగ్', ఐసు కావాలంటే 'పెంగ్'. కోపి, కోసోంగ్ మలయ్ మాటలు, ఓ అంటే హొక్కియన్‌లో నలుపు. ఒక్క కప్పు కాఫీకి రెండు మూడు భాషలు.

వారం రోజులు తాగి తేల్చాను: అత్తయ్యకు 'కోపి సి సియూ దాయ్'. 1.60. మన ఫిల్టర్ కాఫీ కాదు, అలా అని చెప్పి ఆశపెట్టను కూడా. కాఫీ హోటల్లో రెండో రకం కాఫీ అనుకుని తాగితే బాగుంటుంది.

సెప్టెంబర్ 20, శనివారం: వాటర్లూ స్ట్రీట్

ఇది ఆదివారాలకు, మా ఆయనతో కలిసి వెళ్లడానికి. వాటర్లూ స్ట్రీట్‌లో క్వాన్ ఇమ్ అనే బౌద్ధ దేవత గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి. చైనీస్ భక్తులు అక్కడ దండం పెట్టుకుని, ఇక్కడికీ వచ్చి అగరుబత్తులు వెలిగించి కృష్ణుడికి మొక్కి పోతారు. అలా మొక్కుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ చుట్టుపక్కల శాకాహార హోటళ్లూ ఎక్కువే. మిడిల్ రోడ్‌లో ఫార్చ్యూన్ సెంటర్ అనే పాత బిల్డింగులో వరసగా అవే. రెండు అంతస్తులు తిరిగి నాలుగు మెనూలు చదివాను. 6 నుంచి 9 డాలర్లు. బడ్జెట్ దాటుతుంది, కానీ కూర్చోవడానికి ఏసీ ఉంటుంది.

శాకాహార లక్సా తిన్నాను. రొయ్యల బదులు పుట్టగొడుగులు. అసలు లక్సాలో ఉండే సముద్రపు ఘాటు లేదు, కొబ్బరిపాలు, లక్సా ఆకు వాసన మాత్రం ఉన్నాయి. నా నాలుకకు ఏదో వెలితి. తేడా తెలియని నాలుకకు ఏ వెలితీ ఉండదు.

రెస్టారెంట్ల విషయంలో ఒక లెక్క రాసుకున్నాను, అత్తయ్య అడుగుతారు కాబట్టి. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు, దానిమీద 9 శాతం పన్ను. 10 డాలర్ల దోశ 11.99 అవుతుంది. హాకర్ సెంటర్లో బోర్డు మీద ఎంత ఉంటే అంతే.

సెప్టెంబర్ 28, ఆదివారం

కార్డు తయారైంది. అరచేతిలో పట్టేంత. ముందువైపు 'సు' అక్షరం పెద్దగా, స్వస్తిక్, కింద తెలుగులో "వో చ్ సు" (సు దగ్గర కిందికి బాణం), "జియా చాయ్", "కోపి సి సియూ దాయ్". వెనకవైపు ఇంటి నుంచి దారి: లిఫ్టు, బస్టాపు దాటాక ఎడమకి, పిల్లల జారుడుబల్ల, పసుపు బోర్డు. ఆఖర్న ట్రే సంగతి. తిన్న పళ్లెం మనమే తీసి స్టాండులో పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి ఇది రూలు. మొదటిసారి లిఖితపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. హలాల్ పళ్లేలకు స్టాండు వేరు.

లామినేషన్‌తో కలిపి ఎనిమిది వారాల ఖర్చు చూసుకుంటే అత్తయ్యను నెలంతా రెస్టారెంట్లో కూర్చోబెట్టినా సరిపోయేదని మా ఆయన అన్నారు. ఆయన లెక్కలో తప్పు లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న పొద్దున దిగారు. సూట్‌కేసులో సగం ఆవకాయ, కందిపొడి, గోంగూర. ఇవాళ మధ్యాహ్నం ముగ్గురం పసుపు బోర్డు దగ్గరికి నడిచి వెళ్లాం. నేను ముందుకెళ్లి చూపిస్తానంటే అత్తయ్య చెయ్యి పట్టి ఆపారు. స్వస్తిక్ చూసి, "ఇది వెనక్కి రాశారేమే" అన్నారు. 'బాతు' ట్రే చూసి కాసేపు ఆలోచించి, "మాంసం మానేశాక మళ్లీ ఈ వేషమెందుకు?" అన్నారు గానీ వెనక్కి తిరగలేదు. క్యాబేజీ, టోఫు పొర. మొత్తం తిన్నారు. కాఫీ మాత్రం రెండు గుక్కలు తాగి నా వైపు జరిపారు. మా ఆయన ట్రే వదిలేసి లేవబోతే, "మూడొందలు" అని గుర్తుచేశారు.

అక్టోబర్ 14, మంగళవారం

ఇవాళే అసలు పరీక్ష. పొద్దున్నే కార్డు, రెండు డాలర్ల ఊదారంగు నోట్లు ఐదు, ఫోను చేతికిచ్చి ఆఫీసుకు వెళ్లిపోయాను.

12.40కి మీటింగులో ఉన్నాను. ఫోను మోగింది, అత్తయ్య. గుండె జారిపోయింది. బయటికి పరిగెత్తి ఎత్తాను. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ల హోరు, పళ్లేల చప్పుడు.

"అమ్మాయ్, ఈవిడ నన్ను ఎవరికో ఫోన్ చెయ్యమంటోంది. నాకిక్కడ ఇంకెవరున్నారు, నీకే చేశా."

"ఏమైంది అత్తయ్యా? ఏదైనా గొడవా?"

"గొడవేం లేదు. సేమ్యా కట్టించుకున్నా, ఒకటి నాకు, ఒకటి రాత్రికి నీకు. డబ్బులిద్దామంటే తీసుకోదు. చెయ్యి ఊపుతోంది."

"చెయ్యి ఎలా పెడుతోంది?"

"బొటనవేలూ చిటికెనవేలూ చాపి, మధ్య మూడూ ముడిచి. చెవి దగ్గర ఫోను పెట్టుకున్నట్టు."

మీటింగ్ రూమ్ అద్దంలోంచి అందరూ నన్నే చూస్తున్నారు, నాకేమో నవ్వు ఆగడం లేదు. చైనీయులు ఒంటి చేత్తోనే పది దాకా లెక్క చూపిస్తారు. అది ఆరు. ఐదేళ్లుగా చూస్తున్నాను, కార్డు మీద రాయాలని తట్టనే లేదు.

"అది ఆరు అత్తయ్యా. ఆరు డాలర్లు ఇమ్మంటోంది."

అటు కాసేపు ఫ్యాన్ల హోరే వినిపించింది.

"మూడు రెళ్లు ఆరు," అన్నారు చివరికి. "ముప్ఫై ఏళ్లు ఎక్కాలు చెప్పినదాన్ని, ఆరుకి నీకు ఫోను చేశాను చూడు. ఉంటా, ఆవిడ పాపం నోట్ల కోసం చూస్తోంది."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా పొట్లం డైనింగ్ టేబుల్ మీద ఉంది, దాని పక్కన కార్డు. వెనకవైపు దారి గీసిన చోట కాస్త ఖాళీ ఉంటే అక్కడ బాల్‌పెన్నుతో చేతుల బొమ్మలు. ఆరు, ఏడు, తొమ్మిది, పది. యాంటీ దగ్గర నిలబడి నేర్చుకున్నారట. ఎనిమిది దగ్గర రెండుసార్లు కొట్టేసి ఉంది. వేళ్లు ఏవేవో మర్చిపోయారట, రేపు వెళ్లి అడుగుతారు.